కంచె దాటించే ఆరు మీటర్లు

అనంతపురంలో సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు ముగిశాక, గ్లోవు సంచిలో పెడుతూ పదహారేళ్ల పిల్లోడు మెల్లగా అడిగాడు: "సార్, జిమ్ములో సూది ఏస్తారంట. ఏపిచ్చుకుంటే బంతి ఇంగా దూరం పోతాదా?"

"పోతాది" అన్నాను. అబద్ధం చెప్పి భయపెట్టడం నాకు చేతకాదు.

సాఫ్ట్‌బాల్ లాంటిదే అయిన అమెరికా బేస్‌బాల్లో బంతిని కంచె దాటిస్తే హోమ్‌రన్. ఒక సీజనుకు 61 హోమ్‌రన్లన్న రికార్డు 37 ఏళ్లు నిలిచింది. 1998లో మార్క్ మెగ్వైర్ 70 కొట్టాడు. స్టెరాయిడ్లు వాడానని 2010లో తనే ఒప్పుకున్నాడు. జిమ్ములో సూదిగా ఏసే ఈ మందులు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనుకు నకళ్లు. కసరత్తుతో పాటు వాడితే కండ త్వరగా పెరుగుతుంది. కండ 10 శాతం పెరిగితే బ్యాటు వేగం 5 శాతం, బంతి వేగం 4 శాతం పెరుగుతాయని రోజర్ టోబిన్ అనే భౌతిక శాస్త్రవేత్త 2008లో లెక్కగట్టాడు. గట్టిగా తగిలిన బంతికి అది ఇంచుమించు ఆరు మీటర్ల అదనపు దూరం. అంతేనా అనిపిస్తుంది. కానీ అంతమాత్రానికే హోమ్‌రన్లు 50 నుంచి 100 శాతం దాకా పెరగొచ్చని ఆయన లెక్క.

ఇది పరీక్షలో పాస్ మార్కుల్లాంటిది. 33, 34 దగ్గర ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉంటారు. అందరికీ రెండేసి మార్కులు కలిపితే చదువు పెరగదు, పాసయినవాళ్ల సంఖ్య మాత్రం ఎగబాకుతుంది. కంచె దగ్గర క్యాచయ్యే బంతులూ అలాంటివే.

అయితే ముందు బంతి బ్యాటుకు తగలాలి గదా! బంతి విసిరే పిచ్చరు చేతి నుంచి బంతి 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాటుకు తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతు. కొన్ని మిల్లీమీటర్లు తేడా పడితే బంతి నెత్తి మీదికి లేస్తుంది, లేదా నేలకు కొట్టుకుంటుంది. ఆ అంచనా వేల బంతులు ఆడితే వచ్చేది, సూదితో రాదు.

బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీ మానుకుంటుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. మాత్రలైతే కాలేయానికి దెబ్బ. ఎదిగే వయసులో ఇంకోటి: ఎముకల చివర్లలో పెరిగే భాగం ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోవచ్చు.

అది విని వాడు అదిరిపడ్డాడు. స్టోరు రూము గోడకు ఆనించి నిలబెట్టి, తల పైన పెన్సిల్‌తో గీత గీశాను. ఉగాదికి గీసిన గీత కన్నా రెండు వేళ్లు పైకి వచ్చింది.