టెక్సాస్ గ్రిడ్: గొడవ గాలిమరల మీద, గడ్డకట్టింది గ్యాస్ పైపుల్లో

2021 ఫిబ్రవరి 15, గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున రెండు కావస్తుండగా టెక్సాస్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.302 హెర్ట్జ్‌కి పడిపోయింది. అమెరికాలో అది 60 ఉండాలి, మన దగ్గరైతే 50. తగ్గింది ఒక్క పాయింటు కూడా లేదు, కానీ గ్రిడ్ నడిపేవాళ్లకు గుండె జారిపోవడానికి ఆ మాత్రం చాలు.

కరెంటు ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో దాదాపు అదే క్షణంలో అంతా తయారవ్వాలి. వాడకం పెరిగి తయారీ వెనకబడితే ఎత్తు ఎక్కుతున్న సైకిల్‌లా టర్బైన్లన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి, ఆ తిరిగే వేగమే మనకు ఫ్రీక్వెన్సీగా కనిపిస్తుంది. మరీ నెమ్మదిస్తే బ్లేడ్లు దెబ్బతింటాయి కాబట్టి ప్లాంట్లు తమంతట తామే ట్రిప్ అయిపోతాయి, దాంతో మిగిలినవాటి మీద భారం ఇంకా పెరిగి అవీ ట్రిప్ అవుతాయి. టెక్సాస్‌లో 59.4 కంటే కింద 9 నిమిషాలు ఉంటే ఈ పతనం మొదలవుతుంది. ఆ రాత్రి 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. గ్రిడ్‌ని నడిపే ఎర్కాట్ సంస్థ ఊళ్లకు ఊళ్లకు కరెంటు తీయించేయడంతో ఫ్రీక్వెన్సీ మళ్లీ పైకి లేచింది. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే గడిచి ఉంటే రాష్ట్రం మొత్తం చీకటైపోయేది. కూలిన గ్రిడ్‌ని మొదటి నుంచి లేపడానికి ఉంచుకునే ప్రత్యేక జనరేటర్లలోనూ చాలావాటికి ఆ వారం ఇబ్బందులొచ్చాయి కాబట్టి, పోయిన కరెంటు ఎప్పటికి వచ్చేదో ఊహించుకుంటేనే భయమేస్తుంది.

పూర్తిగా కూలలేదన్న మాటే గానీ జరిగిన నష్టం తక్కువేం కాదు. డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడింది, 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. వంతులవారీగా కోతలు అని ముందు చెప్పారు, తీరా 20 వేల మెగావాట్లు కోయాల్సి వచ్చేసరికి, ఆసుపత్రులు ఉన్న లైన్లను పక్కన పెడితే వంతులు తిప్పడానికి లైన్లే మిగల్లేదు. అందుకే చాలా వీధులు రోజుల తరబడి చీకట్లోనే ఉండిపోయాయి. అక్కడ చాలా ఇళ్లలో చలికి కరెంటు హీటర్లే దిక్కు. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు, ఎక్కువమంది చలికే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే, పిల్లల్ని అక్కడికి పంపిన అమ్మానాన్నలకు ఆ వారం ఇక్కడ ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

జనం ఇంకా చలిలో ఉండగానే రాజకీయం మొదలైంది. గాలిమరలు, సోలార్ ఆగిపోవడం వల్లే ఇదంతా అని గవర్నర్ గ్రెగ్ అబాట్ టీవీలో అన్నారు, తర్వాత అన్ని రకాల ప్లాంట్లూ ఆగాయని ఒప్పుకున్నారు గానీ మొదటి మాటే జనంలోకి వెళ్లిపోయింది. కేంద్రం జోక్యం లేకుండా ఉండటానికి టెక్సాస్ ప్రజలు మూడు రోజుల కంటే ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటారని మాజీ గవర్నర్ రిక్ పెర్రీ అన్నారు. అటు డెమొక్రాట్లేమో పక్క రాష్ట్రాలతో గ్రిడ్ కలిపి ఉంటే ఈ గతి పట్టేది కాదన్నారు.

లెక్కలు చూద్దాం. మంచు పట్టి గాలిమరలు ఆగిన మాట నిజమే. కానీ ఫిబ్రవరి 16న ఆగి ఉన్న సుమారు 45 వేల మెగావాట్లలో 30 వేలు గ్యాస్, బొగ్గు, అణు ప్లాంట్లవే, పైగా చలికాలంలో గాలి నుంచి పెద్దగా వస్తుందని ఎర్కాట్ ముందు నుంచీ లెక్కేసుకోలేదు. సౌత్ టెక్సాస్ అణు కేంద్రంలో అయితే రియాక్టరుకు ఏమీ కాలేదు. బాయిలర్ నీళ్ల ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టంలో నీరు గడ్డకట్టింది, సెన్సర్ తప్పు రీడింగ్ ఇచ్చింది, యూనిట్ ఆగిపోయింది. ఆ చిన్న గొట్టానికి చుట్టూ సరైన ఇన్సులేషన్ ఉంటే 1,200 మెగావాట్లకు పైగా నిలబడేవి.

గ్యాస్ సంగతి ఇంకా ఘోరం. బావి నుంచి వచ్చే గ్యాస్‌తో పాటు నీళ్లూ వస్తాయి, ఆ నీళ్లు బావి దగ్గరి పైపుల్లోనే గడ్డకట్టి ప్రవాహం తగ్గింది. గ్యాస్‌ని తోసే కంప్రెసర్లు చాలాచోట్ల కరెంటు మీద నడుస్తాయి. కోతలు పెట్టినప్పుడు ఆ లైన్లకూ కరెంటు తీసేశారు, ఎందుకంటే ఫలానా చోట అత్యవసరమైన గ్యాస్ కేంద్రం ఉందని కాగితం నింపి ఇచ్చినవాళ్లు తక్కువ. కరెంటు లేక గ్యాస్ రాలేదు, గ్యాస్ రాక కరెంటు పుట్టలేదు.

ఇది ఎవరూ ఊహించనిదేమీ కాదు, నాకు కోపం తెప్పించేది అదే. 2011 ఫిబ్రవరిలో ఇలాగే చలికి ప్లాంట్లు ఆగిపోతే కేంద్ర సంస్థలు విచారించి, చలిని తట్టుకునేలా పరికరాలకు రక్షణ ఏర్పాటు చేసుకోమని సిఫార్సు చేశాయి. తప్పనిసరి మాత్రం చేయలేదు. టెక్సాస్ మార్కెట్‌లో ప్లాంటుకు డబ్బొచ్చేది కరెంటు అమ్మినప్పుడే, సిద్ధంగా ఉన్నందుకు విడిగా పెద్దగా ఏమీ రాదు. పదేళ్లకోసారి వచ్చే నాలుగు రోజుల చలి కోసం ఎవరు ఖర్చు పెడతారు? కొరత వస్తే రేటు మెగావాట్-అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్లకి, అప్పట్లో 9,000 డాలర్ల వరకు పోయేది కదా, ఆ ఆశతో వాళ్లే పెట్టుకుంటారు అన్నది సిద్ధాంతం. రేటు ఆ వారం అంతవరకూ పోయింది, గడ్డకట్టిన ప్లాంట్లు మాత్రం నడవలేదు.

గ్రిడ్ విడిగా ఉండటం మీద వాదన కూడా రెండు వైపులా సగమే నిజం. 1935 నాటి చట్టం ప్రకారం కరెంటు రాష్ట్రం గీత దాటితే కేంద్రం అధికారం వస్తుంది కాబట్టి టెక్సాస్ కంపెనీలు దాటకుండా జాగ్రత్తపడ్డాయి. అందుకే పక్క గ్రిడ్లతో 1,200 మెగావాట్ల చిల్లర లింకులే ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో పక్కనున్న గ్రిడ్లూ కోతల్లోనే ఉన్నాయి, లింకు పెద్దదైనా కొంత వచ్చేదేమో గానీ మొత్తం గట్టెక్కేది కాదు. మనకు ఇది అనుభవమే. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి కరెంటు పోతే మనకు పోలేదు, ఎందుకంటే దక్షిణ గ్రిడ్ అప్పటికి డీసీ లింకులతో (ఫ్రీక్వెన్సీలు కలపకుండా కరెంటు మాత్రమే అటూ ఇటూ పంపే లింకులు) తప్ప వాటితో కలిసి లేదు. కానీ అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, కరెంటు కొందామన్నా తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేవు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణం కలిసింది.

2021 జూన్‌లో టెక్సాస్ చట్టం మార్చింది, ప్లాంట్లకు చలి రక్షణ తప్పనిసరి చేసింది, తనిఖీలు మొదలయ్యాయి. 2022 డిసెంబరు చలిలో గ్రిడ్ కోతల్లేకుండా నిలబడింది. 2023 ఆగస్టులో వాడకం 85,508 మెగావాట్లకు చేరినా తట్టుకుంది, మధ్యాహ్నాలు ఎక్కువగా ఆదుకున్నది సోలార్. ఇంత జరిగాక కూడా 2025లో గాలి, సోలార్‌లకు అడ్డుకట్ట వేసే బిల్లుల్ని రాష్ట్ర సెనేట్ ఆమోదించింది, దిగువ సభలో అవి ముందుకు సాగలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ప్లాంట్లను చూసేది ఒక కమిషన్, దాని సభ్యుల్ని గవర్నర్ నియమిస్తారు. గ్యాస్ బావులను, పైపులను చూసేది రైల్‌రోడ్ కమిషన్, పేరుకు రైళ్లు గానీ చేసేది చమురు, గ్యాస్ పని. దాని సభ్యులు ఎన్నికల్లో గెలిచి వస్తారు, ప్రచారానికి ఆ పరిశ్రమ నుంచే విరాళాలు తీసుకుంటారు. కొత్త చట్టం కింద వాళ్లు తయారు చేసిన మొదటి ముసాయిదాలో, గ్యాస్ కంపెనీలు 150 డాలర్ల ఫీజు కట్టి తాము అత్యవసరం కాదని రాసిస్తే తప్పుకునే దారి ఉంది. గొడవయ్యాక దాన్ని బిగించారు. జనవరి తెల్లవారుజామున అయిదింటికి సూర్యుడు ఉండడు, బ్యాటరీలు అప్పటికే చాలావరకు ఖాళీ అయి ఉంటాయి, ఆ గంటలో హీటర్లు నడవాలంటే గ్యాస్ రావాలి. బావి దగ్గర పైపుకు చుట్టిన తొడుగు సరిగ్గా ఉందో లేదో చూసే తనిఖీదారుల్ని ఎంతమందిని పంపుతున్నారు, తప్పు దొరికితే ఎంత జరిమానా వేస్తున్నారు అన్న ప్రశ్న రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో రెండు పార్టీల వాళ్లూ నిలదీసి అడగాల్సింది ఆ రైల్‌రోడ్ కమిషన్‌నే.