సైబీరియన్ స్నేక్ ఎందుకు అవసరమైంది

ప్రోటాన్ తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు కనిపించే గుణాన్ని స్పిన్ అంటారు, దానికో దిక్కుంటుంది. స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్న ప్రోటాన్ బీమ్‌ను తయారు చేయడం ఒక ఎత్తు, సింక్రోట్రాన్‌లో (కణాలను రింగులో తిప్పుతూ వేగం పెంచే యంత్రంలో) దాని శక్తి పెంచుతూ పోతున్నా ఆ దిక్కు చెదరకుండా కాపాడడం మరో ఎత్తు. ఆ కాపలా పనికి పుట్టిన అయస్కాంత పరికరమే సైబీరియన్ స్నేక్.

నిలువు అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ స్పిన్ బొంగరం తలలా తిరుగుతూ ఉంటుంది. రింగును ఒక్కసారి చుట్టేలోపు ఎన్నిసార్లు తిరుగుతుందనేది శక్తిని బట్టి మారుతుంది. 100 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది దాదాపు 191 సార్లు. ఈ లెక్క సరిగ్గా పూర్ణసంఖ్య అయిన క్షణంలో, ఎక్కడో ఒక అయస్కాంతం వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నా చాలు. ప్రతి చుట్టులోనూ స్పిన్‌ను అది ఒకే వైపుకు కాస్త తోస్తుంది. ఆ తోపులు పేరుకుని స్పిన్ ఒరిగిపోతుంది. శక్తి 523 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (అర గిగాకు కాస్త ఎక్కువ) పెరిగిన ప్రతిసారీ ఇలాంటి గండం ఒకటి ఎదురవుతుంది. బీమ్ పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే గండాలు వీటికి అదనం.

1960లో భౌతిక శాస్త్రవేత్తలు ఫ్రాయిసార్, స్టోరా ఇచ్చిన సూత్రం దారి చూపింది. గండాన్ని చాలా వేగంగా దాటితే స్పిన్ అలాగే ఉంటుంది, బాగా నెమ్మదిగా దాటితే పూర్తిగా తలకిందులవుతుంది. తలకిందులైనా నష్టం లేదు, దిక్కు మాత్రమే మారుతుంది. మధ్యరకంగా దాటినప్పుడే పోలరైజేషన్, అంటే స్పిన్‌లు ఒకే దిక్కున ఉండడం, పోతుంది.

1973లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల మొదటి మార్గం పట్టింది. బీమ్‌ను ఒడిసిపట్టి ఉంచే క్వాడ్రుపోల్ అయస్కాంతాలకు ఒక్కసారిగా కరెంటు ఇచ్చి గండాలను చటుక్కున దాటించింది. ఫలితం ఊహించనిది: కొన్ని తాకిడుల్లో, స్పిన్‌లు ఒకే దిక్కున ఉన్న ప్రోటాన్లు ఎదురు దిక్కున ఉన్నవాటికన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా చెదిరాయి. స్పిన్‌ను పట్టించుకోకుండా ప్రోటాన్ అర్థం కాదని అప్పుడే తేలిపోయిందని నా అభిప్రాయం.

1980లలో అమెరికాలోనే ఉన్న బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలోని ఏజీఎస్ సింక్రోట్రాన్ వంతు వచ్చింది. అక్కడ 96 చిన్న సవరణ అయస్కాంతాలు పెట్టి, ఒక్కో గండానికీ విడివిడిగా కరెంటు సరిచూసుకుంటూ 22 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు వెళ్లారు. ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ వందల గండాలుండే పెద్ద రింగులో ఆ పద్ధతి సాగదు.

అసలు మందు 1970లలోనే సైబీరియా నగరం నోవోసిబిర్‌స్క్‌లో పుట్టింది. అక్కడి భౌతిక శాస్త్రవేత్తలు దెర్బెనెవ్, కొంద్రాతెంకో ఇలా ఆలోచించారు: ప్రతి చుట్టులోనూ ఒకచోట స్పిన్‌ను 180 డిగ్రీలు తిప్పేస్తే, ఈ చుట్టులో తగిలిన తోపును వచ్చే చుట్టు రద్దు చేస్తుంది. తప్పులను ఒక్కొక్కటిగా దిద్దే పని తప్పుతుంది. సైబీరియాలో పుట్టింది, లోపల బీమ్ పాములా మెలికలు తిరుగుతుంది, అందుకే సైబీరియన్ స్నేక్ అనే పేరు. 1989లో ఇండియానాలోని చిన్న రింగులో ఇది పనిచేస్తుందని తేలింది. ఆ తర్వాత బ్రూక్‌హేవెన్ కట్టిన పెద్ద రింగు ఆర్‌హెచ్‌ఐసీలో ఒక్కో బీమ్‌కు రెండేసి స్నేక్‌లు పెట్టారు. ఒక్కో దానిలో క్షేత్రం మెలితిరిగి ఉండే నాలుగు సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలుంటాయి. బీమ్ లోపల కొన్ని సెంటీమీటర్లు పక్కకు పోయి, బయటకు వచ్చేసరికి పాత దారిలోనే ఉంటుంది. 2009లో అక్కడ 250 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పోలరైజ్డ్ బీమ్‌లు ఢీకొన్నాయి.

చిక్కు మిగిలింది ఆర్‌హెచ్‌ఐసీకి ప్రోటాన్లను అందించిన ఏజీఎస్‌లోనే. పూర్తి స్నేక్‌కు అక్కడ చోటు లేదు. 1994లో పెట్టిన పాక్షిక స్నేక్ స్పిన్‌ను 9 డిగ్రీలే తిప్పింది. తర్వాత బలమైనవి వచ్చాయి, వాటితో పాటే అడ్డంగా ఊగే కదలికల వల్ల కొత్త బలహీన గండాలు డజన్ల కొద్దీ పుట్టాయి. బ్రూక్‌హేవెన్‌లో రానున్న ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ (బీమ్‌లను ఢీకొట్టించే యంత్రం) 70 శాతం పోలరైజేషన్ కోరుతోంది. దాని ప్రోటాన్లు కూడా ఏజీఎస్ మీదుగానే రావాలి.