గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు? మనవలకు ఉత్తరం

పండుకి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

"పర్లాకిమిడిలో మీ ఇంటికొస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఎందుకు తాతయ్యా?" అని అడిగారు కదా. ఫోన్‌లో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ఆ గీతలు టవర్‌కీ మీ ఫోన్‌కీ మధ్య దారి ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. అసలు టవర్‌కి నెట్ ఎంత అందుతోందో వాటిలో కనబడదు. టవర్ వెనక ఉండే ఆ దారిని బ్యాక్‌హాల్ అంటారు. పట్నాల్లో అయితే భూమిలో ఫైబర్ వేస్తారు. మన గజపతి జిల్లాలో గుమ్మ వైపో మహేంద్రగిరి వైపో కొండలెక్కితే, ప్రతి ఊరికీ ఫైబర్ లాగడం ఎంత కష్టమో మీరు ఆ రోడ్లు చూశారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. అలాంటి చోట్లకి గాలిలోనే అందించాలి. ఒక కొండ మీది డిష్ నుంచి ఎదురు కొండ మీది డిష్‌కి మైక్రోవేవ్ లింకు, అంటే రేడియో తరంగాల దారి, పెట్టడం ఒక పద్ధతి. పెద్ద టవర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే రిలే నోడ్ పెట్టడం ఇంకొకటి.

ఈ వెనక దారి ఎప్పుడూ ఒకేలా ఉండదు. 10 గిగాహెర్ట్జ్ దాటిన మైక్రోవేవ్‌ని గట్టి వాన బాగా దెబ్బతీస్తుంది. లింకు పూర్తిగా తెగిపోకుండా యంత్రం తనంతట తానే నెమ్మదిస్తుంది, ఒక్కో సింబల్‌లో, అంటే ఒక్కో విడతలో పంపే సంకేతంలో, 8 బిట్లు పంపేది 2 బిట్లకి దిగుతుంది, అంటే దాదాపు నాలుగో వంతు. రిలే నోడ్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. పెద్ద టవర్‌తో మాట్లాడటానికీ ఊళ్ళో ఫోన్లతో మాట్లాడటానికీ ఒకే ఫ్రీక్వెన్సీ వాడితే, తన గొంతే తన చెవిని మూసేస్తుంది కాబట్టి సమయాన్ని రెండు ముక్కలు చేసుకోవాలి. పైగా సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే వేళ పెద్ద టవర్ దానికిచ్చే వాటా కూడా తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పూర్వం ఊళ్ళో దండోరా వేసేవాడు ఎంత గట్టిగా అరిచినా, పై నుంచి వచ్చిన కబురు కన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పగలడా? గొంతు పెంచితే పక్క వీధిలో మాటలు వినబడకుండా పోతాయి, అంతే. రిలే నోడ్ కూడా అంతే. వెనక నుంచి సెకనుకి 30 మెగాబిట్లే వస్తుంటే ముందుకి 60 మెగాబిట్లు పంపగలిగేంత పవర్‌తో ప్రసారం చేయడం దండగ.

ఎంత దండగో లెక్క చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికా గణితజ్ఞుడు క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రం ప్రకారం, 10 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ వెడల్పులో సెకనుకి 60 మెగాబిట్లు పంపాలంటే సిగ్నల్ రొద కన్నా 63 రెట్లు ఉండాలి (60ని 10తో భాగిస్తే 6, ఆరు రెండ్లని గుణిస్తే 64, అందులో ఒకటి తీసేస్తే 63). 30 మెగాబిట్లకి 7 రెట్లు చాలు. వేగం సగమైతే పవర్ సగం కాదు, తొమ్మిదో వంతుకి దిగింది! 20 మెగాబిట్లే వస్తుంటే 3 రెట్లు చాలు, అంటే ఇరవై ఒకటో వంతు. నిజం యంత్రాలు ఈ హద్దుకి కొంచెం ఇవతలే ఆగుతాయి గానీ, లెక్క నడిచే తీరు ఇదే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ సూత్రం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

మరి పవర్ ఎంత తగ్గించాలో నోడ్‌కి ఎలా తెలుస్తుంది అంటారా? వచ్చిన డేటా పంపేలోపు దాని దగ్గర వరసలో నిలబడుతుంది. ఆ వరస మాటిమాటికీ ఖాళీ అయిపోతుంటే ముందు దారి అవసరానికి మించి వేగంగా ఉందన్నమాట, పవర్ తగ్గించొచ్చు. వరస పేరుకుపోతుంటే పెంచాలి. క్షణక్షణానికీ మార్చకుండా కొద్దిసేపటి సగటు చూసి మార్చాలి, లేకపోతే ఊగిసలాటే మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. తగ్గించాల్సింది డేటా మోసే పవర్‌నే. ఫోన్లు టవర్‌ని గుర్తుపట్టడానికి వాడే రిఫరెన్స్ సిగ్నల్ జోలికి వెళ్ళకూడదు. దాన్ని తగ్గిస్తే ఊరి చివర ఇంట్లో ఉన్న ముసలమ్మకి అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామన్నా టవర్ దొరకదు. 4జీలో మీ ఫోన్ గీతలు లెక్కకట్టేది ఆ రిఫరెన్స్ సిగ్నల్ చూసే, అందుకే వెనక డేటా ఎంత సన్నబడ్డా గీతలు నిండుగానే కనిపిస్తాయి.

దీనివల్ల కరెంటు ఆదా అవుతుంది, కానీ అంతా అవుతుందనుకోకండి. ప్రసారం తగ్గినా లోపలి ప్రాసెసర్లూ మిగతా సామానూ తినే కరెంటు తినేదే. అయినా సోలార్ పలకలూ బ్యాటరీల మీద నడిచే కొండ మీది నోడ్‌కి, మబ్బు విడవని శ్రావణంలో ఆ మిగిలిన కాస్తే తెల్లారేదాకా నడిపించొచ్చు. నాకైతే స్పీడు కన్నా అదే ముఖ్యం. రొద తగ్గడం ఇంకో లాభం. ఒడిశా సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడి టవర్ కూడా ఇదే ఫ్రీక్వెన్సీ వాడుతుంటే, ఇక్కడ పవర్ తగ్గిన మేరకు అక్కడి వాళ్ళకి మాట స్పష్టంగా వినిపిస్తుంది.

మీ ఫోన్ పైకి పంపేటప్పుడూ ఇదే లెక్క పనికొస్తుంది. వెనక దారి ఇరుకైనప్పుడు నోడ్ ఫోన్లని పవర్ తగ్గించుకోమని చెప్పగలదు, మీ బ్యాటరీ కొంచెం ఎక్కువసేపు వస్తుంది.

చిట్టీ, అదే 10 మెగాహెర్ట్జ్‌లో 40 మెగాబిట్లు కావాలంటే సిగ్నల్ రొదకి ఎన్ని రెట్లు ఉండాలో లెక్కకట్టి రాయి. అన్నయ్యని అడక్కుండా చెయ్యి.

ప్రేమతో,
తాతయ్య