జూనియర్ ఇండియా టీమా, సీనియర్ నేషనల్సా? పరుగు పిల్లల ఇళ్లలో తిరిగే అపోహలు - వాస్తవాలు

ఏటిగట్టు మీద పరుగు మొదలుపెట్టి జిల్లా మీట్, స్టేట్ మీట్ దాటేసిన పిల్లలున్న ఇళ్లలో ఇంటర్‌కి వచ్చేసరికి ఈ ప్రశ్న తప్పదు. సీనియర్ నేషనల్స్‌కి పంపాలా, జూనియర్ ఇండియా (అండర్-20) సెలక్షన్ మీదే దృష్టి పెట్టాలా? కాకినాడ గ్రౌండులో ఒక జవాబు వినబడుతుంది, తణుకులో ఇంకొకటి, అమలాపురంలో రెండూ కాని మూడోది. ఎక్కువమంది చూసేది ఏది గొప్ప అని. చూడాల్సినవి రెండు: పిల్ల పుట్టిన సంవత్సరం, ఆ ఏడాది క్యాలెండర్లో రెండు పోటీల మధ్య ఉన్న వారాలు. మిగతా గొడవంతా వాటి తర్వాతే.

అపోహ: ఇరవై నిండేదాకా అండర్-20లో పరిగెత్తొచ్చు.

వాస్తవం: ఇక్కడ లెక్క పుట్టిన సంవత్సరానిది, పుట్టినరోజుది కాదు. పోటీ జరిగే ఏడాది డిసెంబర్ 31 నాటికి వయసు 16కి తగ్గకూడదు, 19 దాటకూడదు. 2026లో అమెరికాలోని యూజీన్‌లో జరిగే ప్రపంచ అండర్-20 పోటీలకి 2007 నుంచి 2010 దాకా పుట్టినవాళ్లే అర్హులు. 2006 డిసెంబర్ 31న పుట్టిన పిల్లాడికి పోటీ నాటికి 19 ఏళ్లే ఉంటాయి, అయినా చోటు లేదు. మర్నాడు పుట్టినవాడికి ఉంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఈ పోటీలు రెండేళ్లకోసారి, సరిసంఖ్య సంవత్సరాల్లో వస్తాయి (కరోనా వల్ల నైరోబీ పోటీలు 2021కి జరిగాయి, అదొక్కటే తేడా). కాబట్టి బేసి సంవత్సరంలో పుట్టిన పిల్లలకి 17లో ఒకసారి, 19లో ఒకసారి అవకాశం. సరి సంవత్సరంలో పుట్టినవాళ్లకి 16లో, 18లో. పదహారేళ్లకి ప్రపంచ స్థాయి టైమింగ్ ఎవరికోగానీ రాదు. అంటే వాళ్లకి నిజమైన అవకాశం ఒక్కటే. 2008లో పుట్టిన అమ్మాయికి 2026 తప్పితే ఇంక లేదు, 2028కి ఆమె వయసు 20. 2009లో పుట్టినవాళ్లకి 2028 ఉంది. అలాంటివాళ్లు ఈసారి సీనియర్ నేషనల్స్‌కి వెళ్లొచ్చినా పోయేదేం లేదు. సీనియర్ నేషనల్స్ ఏటా ఉంటాయి, ఎటూ పోవు.

అపోహ: కుర్రకాళ్లే కదా, రెండూ పరిగెత్తేస్తారు.

వాస్తవం: కొన్నేళ్లు పరిగెత్తొచ్చు, కొన్నేళ్లు కుదరదు. 2022లో నేషనల్ ఇంటర్ స్టేట్ సీనియర్ పోటీలు, అంటే సీనియర్ నేషనల్స్, జూన్ 10-14 తేదీల్లో చెన్నైలో, ప్రపంచ అండర్-20 ఆగస్టు 1న కొలంబియాలోని కాలీలో. మధ్యలో ఏడు వారాలు. 2024లో ఇంటర్ స్టేట్ పంచకులలో జూన్ చివర, ప్రపంచ అండర్-20 లిమాలో ఆగస్టు చివర, మధ్యలో ఎనిమిది వారాలు. ఈ రెండేళ్లూ రెండింటికీ దర్జాగా తయారు కావొచ్చు. అదే 2023 చూడండి. ఆసియా అండర్-20 కొరియాలోని యెచెయాన్‌లో జూన్ 4-7, ఇంటర్ స్టేట్ భువనేశ్వర్‌లో జూన్ 15-19. మధ్యలో మిగిలింది వారం. అందులో విమాన ప్రయాణం ఒకటి. 2025లోనైతే ఇంటర్ స్టేట్ ఏకంగా ఆగస్టుకి వెళ్లింది. నిరుటి తేదీలు చూసి ఈ ఏడాది ట్రైనింగ్ ప్లాన్ గీస్తే బోల్తా పడడం ఖాయం.

వారాలు ఎందుకు లెక్కపెట్టాలంటే, హీట్స్, సెమీస్, ఫైనల్ మూడూ పరిగెత్తిన శరీరానికి ముందు 5 నుంచి 7 రోజులు తేలిక జాగింగ్ తప్ప ఏమీ ఇవ్వకూడదు. తర్వాత రెండు మూడు వారాలు అసలు ట్రైనింగ్. ఆఖరి 7-10 రోజులు టేపర్: దూరం సగానికి దగ్గరగా తగ్గించాలి, వేగం తగ్గించకూడదు. మొత్తం కలిపితే నాలుగైదు వారాలు. నాలుగు వారాల కన్నా తక్కువ ఉంటే ఒకటే అసలు పోటీ అనుకోవాలి. రెండోదాన్ని టేపర్ లేకుండా ట్రైనింగ్‌లో భాగంగా పరిగెత్తాలి, లేదా మానెయ్యాలి. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు టేపర్‌లో కనిపిస్తుంది. అబ్బాయికి ఒంట్లో హుషారు పెరిగిందని చూసి, పోటీకి నాలుగు రోజుల ముందు 300 మీటర్లు ఆరుసార్లు కొట్టిస్తారు. ఆ హుషారంతా గ్రౌండులోనే అయిపోతుంది.

కాలీలో ఉత్తరప్రదేశ్ అమ్మాయి రూపల్ చౌదరి మూడు రోజుల్లో నాలుగుసార్లు 400 మీటర్లు పరిగెత్తింది. మిక్స్‌డ్ రిలేలో రజతం, వ్యక్తిగత 400లో 51.85 సెకన్లతో కాంస్యం. రోజూ ఒకే ఒక్క టైమ్ ట్రయల్ కొట్టి ఇంటికెళ్లే పిల్లలకి అది సాధ్యం కాదు. పోటీకి ఆరు వారాల ముందు ఒకసారైనా వరుసగా మూడు రోజులు రేసు వేగంతో పరిగెత్తించి, మూడోరోజు టైమింగ్ ఎంత పడిపోతోందో రాసుకోవాలి.

అపోహ: స్టాప్‌వాచ్‌లో టైమింగ్ వచ్చేసింది, ఇక సెలక్షనే.

వాస్తవం: చేతి గడియారం టైమ్ ఎప్పుడూ కాస్త మేలుగానే కనబడుతుంది. తుపాకీ పేలాక వేలు ఆలస్యంగా నొక్కుతుంది, ముగింపు మాత్రం కళ్లముందే కనబడుతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా నొక్కేస్తుంది. ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకి 0.24 సెకను, 400కి 0.14 కలుపుకోవాలి. గ్రౌండులో 10.8 అంటే అసలు 11.04 అన్నమాట. 800 మీటర్ల దాకా పెద్ద పోటీల అర్హతకి చేతి టైమ్ అసలు చెల్లదు. 100, 200, చిన్న హర్డిల్స్‌లో వెనక గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటినా చెల్లదు.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి ఇక్కడ అందరూ తెలుసుకోవాలి. 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.38 జాతీయ రికార్డుగా ఉన్న రోజుల్లో, 2020లో మూడబిద్రి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 పరిగెత్తింది. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది. గాలి 2.1, పోయింది. చివరికి ఆ ఏడాది మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో పరిగెత్తిన 13.23 రికార్డుల్లోకెక్కింది. మూడింటిలో నెమ్మది పరుగే లెక్కలో నిలిచింది.

సెలక్షన్ మీట్ కూడా అంతే. అర్హత టైమ్‌ని అథ్లెటిక్స్ ఫెడరేషన్ చెప్పిన పోటీలోనే, చెప్పిన గడువులోపే సాధించాలి. 2016లో నీరజ్ చోప్రా 86.48 మీటర్ల జూనియర్ ప్రపంచ రికార్డు విసిరింది జూలై 23న. రియో ఒలింపిక్స్‌కి కావలసింది 83 మీటర్లే. గడువు జూలై 11నే అయిపోయింది. పైగా ప్రపంచ అండర్-20లో ఒక ఈవెంట్‌లో ఒక దేశం నుంచి దిగేది ఇద్దరే. దేశంలో మూడో స్థానమంటే అర్హత టైమ్ ఉన్నా ఇంట్లో కూర్చోవాల్సిందే.

అపోహ: జూనియర్ పతకం పిల్లల ఆటే, సీనియర్లో పనికిరాదు.

ఇది చెప్పేవాళ్లకి హిమా దాస్ పేరు గుర్తుచేయాలి. 2018 జూలైలో టాంపెరెలో అండర్-20 400 మీటర్ల స్వర్ణం, 51.46. అప్పటికే అదే ఏప్రిల్లో కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో 51.32తో ఆరో స్థానం. జూనియర్ పోటీ తర్వాత ఆరు వారాలకి జకార్తా ఆసియా క్రీడల్లో 50.79 జాతీయ రికార్డుతో రజతం. జూనియర్, సీనియర్ అని గోడ కట్టుకున్నది మనం. ఆ ఆరు వారాల ఖాళీని కూడా గమనించండి.

అయితే 400 మీటర్ల వాళ్లకి సీనియర్ నేషనల్స్‌లో అదనపు విలువ ఒకటుంది. రిలే జట్టుకి నలుగురితో సరిపోదు, ఆరేడుగురు కావాలి. సీనియర్ ఫైనల్లో అయిదో స్థానమైనా సెలక్టర్ల కంట్లో పడుతుంది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 మేలో నాసావ్‌లో 4×400 రిలే పరిగెత్తిన జట్టులో ఉంది, ఆ పరుగుతోనే (3 నిమిషాల 29.35 సెకన్లు) జట్టు పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. 100, 1500 వాళ్లకి ఈ లాభం ఇంతగా ఉండదు. వాళ్లు సీనియర్ హీట్ దాటే అవకాశం ఉంటేనే వెళ్లాలని మా అభిప్రాయం. "అనుభవం కోసం" వెళ్లి హీట్‌లో చివర వచ్చి, రెండు రాత్రులు రైల్లో కూర్చుని రావడం వల్ల వచ్చే అనుభవం రైలుదే.

అపోహ: రేసు అదే, పక్కన పరిగెత్తేవాళ్లే పెద్దవాళ్లు.

వాస్తవం: కొన్ని రేసులు అవే కావు. అబ్బాయిల 110 మీటర్ల హర్డిల్స్‌లో అండర్-20 ఎత్తు 99.1 సెం.మీ., సీనియర్ ఎత్తు 106.7. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య దూరం మాత్రం రెండింటికీ 9.14 మీటర్లే. నిన్నటిదాకా 99.1 దూకిన కుర్రాడిని నెలలో 106.7కి ఎక్కిస్తే వెనక కాలు తగులుతుంది, మధ్యలో వేసే మూడు అంగల లయ చెడుతుంది, మళ్లీ కింది ఎత్తుకి వచ్చినప్పుడు అతిగా ఎగురుతాడు. అతనికి ఆ సీజన్లో ఏదో ఒక ఎత్తే ఉండాలి. అమ్మాయిల 100 హర్డిల్స్‌లో రెండుచోట్లా 83.8 కాబట్టి ఈ బాధ లేదు. లాంగ్ డిస్టెన్స్ వాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ప్రపంచ అండర్-20లో ఇప్పుడు 3000, 5000 ఉన్నాయి, 10,000 లేదు.

అపోహ: విదేశంలో పరిగెత్తి సర్టిఫికెట్ తెస్తే ఇంటర్నేషనలే.

వాస్తవం: ఈ మాటతో డెల్టాలో చాలా ఇళ్ల డబ్బు పోతోంది. ఎవరో ఫోన్ చేస్తారు, "మీ అబ్బాయి ఇండియాకి సెలెక్ట్ అయ్యాడండి, పక్క దేశంలో మీట్, ఇంత కట్టండి" అంటారు. జెర్సీ ఇస్తారు, పతకం ఇస్తారు, ఊళ్లో ఫ్లెక్సీ కూడా లేస్తుంది. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం-1 అంటే దేశం తరఫున ఆడినట్టు జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం. ఆ పోటీకి కేంద్ర క్రీడా శాఖ అనుమతి కూడా ఉండాలి. ఫారం-2 రాష్ట్రం తరఫున నేషనల్స్‌కి, ఫారం-3 యూనివర్సిటీకి, ఫారం-4 స్కూల్ గేమ్స్‌కి. నేషనల్స్ పతకాల్లో జూనియర్ కన్నా సీనియర్‌కి ప్రాధాన్యం. రాష్ట్ర ఉద్యోగాలకి జీవోలు వేరు, దరఖాస్తుకి ముందు శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) కార్యాలయంలో ఆ ఏటి జీవో అడిగి చూసుకోవాలి. డబ్బు కట్టేముందు రెండే ప్రశ్నలు: ఈ మీట్ అథ్లెటిక్స్ ఫెడరేషన్ క్యాలెండర్లో ఉందా? ఎంట్రీ వెళ్తోంది ఫెడరేషన్ ద్వారానేనా? ఒక్కదానికి "లేదు" అన్నా ఫోన్ పెట్టేయండి.

అపోహ: డోప్ పరీక్షలు సీనియర్లకే.

వాస్తవం: పదహారేళ్ల పిల్లలకీ చేస్తారు. గోదావరి జిల్లాల్లో అసలు ప్రమాదం సప్లిమెంట్ డబ్బాల కన్నా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరుంది. నీరసంగా ఉందంటే ఆయన సెలైన్ ఎక్కిస్తాడు. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి సెలైన్ ఎక్కించుకోవడం ఏ రోజైనా నిషిద్ధమే. మామూలు సీసాలో ఉండేది 500. ఆసుపత్రిలో జరిగే చికిత్సకి మినహాయింపు ఉంది, మంచం పక్కన మేకుకి వేలాడదీసిన సీసాకి లేదు. జ్వరానికో మడమ నొప్పికో పొడిచే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 2022 నుంచి పోటీ సమయంలో పూర్తిగా నిషిద్ధం. కీళ్లలో వేసే ట్రయామ్సినోలోన్ కండలోకి ఎక్కితే ఒంట్లోంచి పోవడానికి 60 రోజులు లెక్కేసుకోవాలి. నిజంగా అవసరమైతే ఆసుపత్రి కేస్ షీట్ దాచుకుని, వైద్య మినహాయింపుకి నాడాకి (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) దరఖాస్తు పెట్టాలి. తెలియక వేయించుకున్నానంటే శిక్ష తగ్గొచ్చేమో కానీ పతకం నిలవదు.

అపోహ: కోనసీమలో కొబ్బరినీళ్లుండగా ఓఆర్‌ఎస్ ఎందుకు?

కొబ్బరినీళ్లలో దండిగా ఉండేది పొటాషియం, చెమటలో ఎక్కువ పోయేది సోడియం. మే నెల తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి తూకం చూడండి. కిలో తగ్గితే లీటరుంపావు నుంచి లీటరున్నర నీళ్లు కొంచెం కొంచెంగా తాగాలి, అందులో ఉప్పు ఉండాలి. కొబ్బరినీళ్లు తాగండి, చిటికెడు ఉప్పు వేసుకోండి.

అపోహ: కాగితాలు సెలక్షన్ అయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: సెలక్షన్‌కీ ప్రయాణానికీ మధ్య ఒక్కోసారి మూడు నాలుగు వారాలే ఉంటాయి. మనవాళ్లకి ఎక్కువగా అడ్డొచ్చేది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా. ముందు ఈ మూడూ ఒకేలా చేయించి, తర్వాత భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి స్లాట్ వేసుకోండి. 15 దాటిన మైనర్లకి పదేళ్ల పాస్‌పోర్ట్ అడగొచ్చు. ఉన్న పాస్‌పోర్ట్‌కి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఫెడరేషన్ యూఐడీలో (అథ్లెట్ గుర్తింపు నంబరు) పుట్టిన తేదీ కూడా అదే ఉండాలి. వయసు మీద అనుమానం వస్తే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. స్కూల్లో చేర్చేటప్పుడు రెండేళ్లు తగ్గించి రాయించిన తేదీ ఆ ఎక్స్‌రేతో ఏకీభవించదు.