బ్యాటరీ వచ్చింది, పొగగొట్టం పోలేదు: ఆక్స్‌నార్డ్ కథ

కాలిఫోర్నియా తీరంలో, లాస్ ఏంజిలిస్‌కి వాయవ్యంగా ఉంటుంది ఆక్స్‌నార్డ్. జనాభా సుమారు 2 లక్షలు. స్ట్రాబెర్రీ తోటల్లో కూలికి వెళ్లే మెక్సికన్ మూలాల కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్క పట్టణాలకు అందమైన బీచ్‌లు దక్కితే, ఈ ఊరి తీరం గ్యాస్ కరెంటు ప్లాంట్లకు పోయింది. 1959లో మాండలే, 1970ల మొదట్లో 1,500 మెగావాట్ల ఆర్మండ్ బీచ్, 2012లో డిమాండ్ పెరిగినప్పుడు మాత్రమే తిప్పే ఇంకో చిన్న ప్లాంటు. వీటికి తోడు, మూతపడ్డ ఓ లోహ కర్మాగారం వదిలేసిన వ్యర్థాల గుట్ట.

సముద్రపు నీటితో చల్లబరుచుకునే పాత ప్లాంట్లు ఆ పద్ధతి మానుకోవాలని, లేదంటే మూసేయాలని 2010లో రాష్ట్రం గడువు పెట్టింది. హమ్మయ్య అనుకునేలోపే, మాండలే స్థలంలో ప్యుయెంటే పేరుతో 262 మెగావాట్ల కొత్త గ్యాస్ ప్లాంటు కడతామని ఎన్ఆర్‌జీ కంపెనీ ముందుకొచ్చింది. 2016లో విద్యుత్ కొనుగోలు ఒప్పందానికి రాష్ట్ర నియంత్రణ కమిషన్ ఆమోదమూ దొరికింది. నగర కౌన్సిల్ అడ్డం తిరిగింది. విచారణల్లో స్కూలు పిల్లలు కూడా లేచి మాట్లాడారు.

ఈలోగా వేరేచోట ఇంకో సంగతి జరిగింది. 2015 అక్టోబరులో లాస్ ఏంజిలిస్ దగ్గరి అలిసో కాన్యన్ గ్యాస్ నిల్వ కేంద్రంలో భారీ లీకు. గ్యాస్ దొరక్క కరెంటు ఆగుతుందేమోనన్న భయంతో దక్షిణ కాలిఫోర్నియాలో పెద్ద బ్యాటరీలను నెలల వ్యవధిలో బిగించేశారు. అవసరం తమదైతే ఎంత వేగం! ప్యుయెంటే బదులు బ్యాటరీలు పెట్టొచ్చా అని 2017లో రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే సంస్థ పరిశీలించి, పని జరుగుతుంది గానీ ఖర్చెక్కువ అంది. పాత ధరలతో లెక్క కట్టారని విమర్శకులు పట్టుకున్నారు. ఆ 2017 అక్టోబరులోనే, ప్యుయెంటేకి అనుమతి వద్దని సిఫారసు చేస్తామని ఇద్దరు ఇంధన కమిషనర్లు ప్రకటించారు. కంపెనీ వెనక్కి తగ్గింది. 2018లో మాండలే మూతపడింది. 2021లో 100 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం మొదలైంది.

ఇక్కడిదాకా చెప్పి విజయగాథ అనేవాళ్లున్నారు. నాకైతే అసలు అన్యాయం ఆ తర్వాతే కనిపిస్తుంది. 2020 ఆగస్టు ఎండలకు రాష్ట్రంలో కరెంటు కోతలు పెట్టాల్సివచ్చింది. ఆ ఏడాదే మూయాల్సిన ఆర్మండ్ బీచ్ గడువు 2023కి, ఆపై 2026కి జరిగింది. రాష్ట్రం మొత్తానికి ధీమా కావాలి, దానికోసం పొగ భరించాల్సింది మాత్రం ఆ ఊరే. పొడిగింపు తప్పదని తెలిశాక, కూల్చివేతకైనా డబ్బు పక్కన పెట్టమని నగరం యజమానులతో బేరమాడుకుంది.

బ్యాటరీల మీద కూడా ఇప్పుడు అనుమానాలున్నాయి. 2025 జనవరిలో అదే రాష్ట్రంలోని మాస్ ల్యాండింగ్‌లో, పాత గ్యాస్ ప్లాంటు టర్బైన్ హాల్లోనే పెట్టిన బ్యాటరీలు తగలబడి, వెయ్యి మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లాల్సివచ్చింది. అదీ పొలాల మధ్య ప్రాంతమే. కొత్త కేంద్రాలకు స్థలం వెతికేటప్పుడు ఎవరి ఇళ్లకు ఎంత దూరంలో అన్న ప్రశ్న ముందే వస్తోంది.

ఆర్మండ్ బీచ్‌కి పొడిగించిన గడువు 2026 డిసెంబరు 31.