మేరియన్ ఆండర్సన్: ఒపెరా గడప తొక్కడానికి ముప్పై ఏళ్లు

ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కచేరీలు చేసే హాలుకు 2024 జూన్‌లో అమెరికా నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ పేరు పెట్టారు. అంతకుముందు దానికి ఒక టెలిఫోన్ కంపెనీ పేరుండేది. 1897 ఫిబ్రవరి 27న ఆమె పుట్టిందీ, పాట నేర్చిందీ ఆ నగరంలోనే. 1993 ఏప్రిల్ 8న పోర్ట్‌లాండ్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమెను తలచుకున్నప్పుడల్లా అందరూ 1939లో ఆమె పాడిన లింకన్ స్మారకం మెట్ల దగ్గర మొదలుపెడతారు. ఆ రోజు గొప్పదే. కానీ ఇంత గొంతున్న మనిషి ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) రంగస్థలం మీద ఒకే ఒక్క పాత్ర ఎందుకు పాడారన్న ప్రశ్న దాని వెనక మరుగున పడిపోతోంది.

ఆమెది కాంట్రాల్టో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే మంద్రమైనది, అరుదైనది. ఆరేళ్ల వయసు నుంచే యూనియన్ బాప్టిస్ట్ చర్చి బృందంలో పాడేవారు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో చదువుకు డబ్బు లేకపోతే చర్చివాళ్లే చందాలు వేసి శిక్షణ ఇప్పించారు. ఊళ్లోని ఒక సంగీత పాఠశాల మాత్రం నల్లవాళ్లను చేర్చుకోబోమని గుమ్మంలోంచే పంపేసింది. తర్వాత జుసెప్పె బోగెట్టి దగ్గర నేర్చుకున్నారు. 1925లో పోటీలో నెగ్గి న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో పాడారు. తెల్ల గాయనికైతే ఆ గెలుపు ఒపెరా కంపెనీ దాకా దారి చూపేది. ఆమెకు స్వదేశంలో ఆ దారే లేదు. 1930లో స్కాలర్‌షిప్ మీద బెర్లిన్ వెళ్లారు. స్కాండినేవియా దేశాల్లో ఫిన్లాండ్ పియానో విద్వాంసుడు కోస్టి వేహానెన్‌తో కచేరీలు చేశారు. 1935లో సాల్జ్‌బర్గ్‌లో ఆమె పాట విన్న ప్రసిద్ధ ఆర్కెస్ట్రా సంచాలకుడు టోస్కానీని, ఇలాంటి గొంతు నూరేళ్లకోసారి వినబడుతుందన్నారు. అప్పుడామెకు 38 ఏళ్లు. ఒపెరాకు అదే సరైన వయసు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) 1883లో తెరుచుకున్నా, అక్కడి ప్రధాన పాత్రలన్నీ తెల్లవారికే దక్కేవి. నల్లజాతి కళాకారుల్లో ప్రతిభ లోపించి కాదు. కాటరీనా జార్బోరో 1933లోనే న్యూయార్క్ హిప్పోడ్రోమ్‌లో వెర్డి ఒపెరా ‘ఐదా’లో నాయికగా పాడారు. టాడ్ డంకన్ 1945లో, కమిలా విలియమ్స్ 1946లో న్యూయార్క్ సిటీ ఒపెరాలో అడుగుపెట్టారు. మెట్ ఏటా అట్లాంటా వంటి దక్షిణాది నగరాలకు కూడా ప్రదర్శనలు తీసుకెళ్లేది. అక్కడ హోటల్ గది నుంచి ప్రేక్షకుల వరుసల దాకా అన్నీ రంగును బట్టి విడివిడిగానే ఉండేవి. పైగా ఒపెరా అంటే కౌగిళ్లు, ప్రేమ యుగళాలు. నల్లజాతి నాయికను తెల్ల నాయకుడి పక్కన నిలబెట్టడానికి చాలామంది నిర్వాహకులు జంకారు.

1939లో హోవర్డ్ విశ్వవిద్యాలయం ఆమె కచేరీ కోసం వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలును అడిగింది. దాని యజమానులైన ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్’ అనే మహిళా సంఘం ఇవ్వలేదు. వేదికపై తెల్లవారే పాడాలన్న షరతు వాళ్ల ఒప్పంద పత్రంలోనే ఉంది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంస్థకు రాజీనామా చేశారు. అంతర్గత వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇకెస్ అనుమతితో ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారకం ముందు ఆరుబయట కచేరీ జరిగింది. 75 వేల మంది వచ్చారు. రేడియోలో విన్నవారికి లెక్కే లేదు. దేశభక్తి గీతం తర్వాత ఆమె ఎత్తుకున్నది డోనిజెట్టి ఒపెరా ‘లా ఫావొరీతా’లోని ‘ఓ మియో ఫెర్నాందో’. ఒపెరా థియేటర్‌లో వినాల్సిన పాటను చలిలో కోటు వేసుకుని మైకుల ముందు పాడాల్సి వచ్చిందని గుర్తిస్తే ఆ రోజు అసలు బరువు తెలుస్తుంది. 1943లో ఆ సంస్థే పిలిచి అదే హాల్లో యుద్ధ సహాయ నిధి కోసం పాడించింది.

మెట్ తలుపు తెరిచింది అధిపతి రూడాల్ఫ్ బింగ్. 1955 జనవరి 7న దిమిత్రి మిత్రోపౌలోస్ సంచాలనలో వెర్డి ‘ఉన్ బాలో ఇన్ మాస్కెరా’లో ఆమె జోస్యం చెప్పే ఉల్రికాగా పాడారు. అప్పటికి 58వ ఏడు నడుస్తోంది. ఉల్రికా కనిపించేది మొదటి అంకంలోని ఒక్క దృశ్యంలోనే. తెర లేచేసరికి ఆమె మాంత్రిక కషాయం కలుపుతూ వేదికపైనే ఉన్నారు. నోరు తెరవకముందే చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లకే తన ఒళ్లంతా బిగుసుకుపోయిందని తర్వాత ఆమే రాసుకున్నారు. గొంతుకు ఆ బిగువు మంచిది కాదు. మెడ, నాలుక మూలం పట్టేస్తే ఊపిరి సాఫీగా సాగదు, స్వరం వణుకుతుంది.

వయసు చేసే నష్టం ఇంకా లోతైనది. స్వరతంత్రుల సాగే గుణం తగ్గుతుంది, ఊపిరిని అదుపు చేసే కండరాలు సడలుతాయి. సెకనుకు ఐదారుసార్లు సన్నగా ఊగాల్సిన స్వరకంపనం నెమ్మదించి వెడల్పవుతుంది. ముందు దెబ్బతినేది తారస్థాయి. ఉల్రికా పాట చివర ‘సిలెన్జియో’ అన్నచోట స్వరం మంద్రంలో జీ అనే స్వరం దాకా, అంటే సెకనుకు 196 కంపనాల దాకా దిగుతుంది. ఆమె అసలు బలం అక్కడే. కానీ ఆ స్థాయిలో ఆర్కెస్ట్రా గొంతును తేలిగ్గా మింగేస్తుంది. వాద్యాల శక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనాలు) చుట్టూ ఉంటుంది, 3,000 దగ్గర బాగా తగ్గుతుంది. తర్ఫీదైన గాయని ఆ ఖాళీలోకి తన గొంతు మెరుపును పంపుతుంది. మైకు లేకుండా 3,600కు పైగా సీట్లున్న హాలు చివరిదాకా వినిపించేది అందుకే. పియానో పక్కన నిలబడి చేసే కచేరీకి ఈ పని వేరు. నటన, కదలిక, వేషం, సంచాలకుడి సైగ అన్నీ ఒకేసారి చూసుకోవాలి. ఇరవై ఏళ్ల ముందు ఒంటబట్టాల్సిన అలవాటును ఆమె అరవై దగ్గర పడుతుండగా నేర్చుకున్నారు.

పాత్ర ఎంపికలోనూ ఒక ముల్లుంది. వెర్డి ఒపెరా పాఠంలోనే ఉల్రికా నల్లజాతి స్త్రీ అని ఉంది. ఇరవై రోజుల తర్వాత మెట్‌లో అడుగుపెట్టిన రాబర్ట్ మెక్‌ఫెరిన్‌కు దక్కింది ‘ఐదా’లో ఇథియోపియా రాజు అమోనాస్రో పాత్ర. కథలో నల్లగా ఉన్నవారి స్థానాలే ముందు తెరుచుకున్నాయి. 1956లో మాటివిల్డా డాబ్స్ ‘రిగొలెట్టో’లో ఇటలీ యువతి గిల్డాగా, 1961లో లియోంటిన్ ప్రైస్ ‘ఇల్ ట్రొవతోరే’లో స్పెయిన్ రాచకన్య సేవలోని లియోనోరాగా పాడేసరికి ఆ గీత చెరిగింది.

ఆమె గొంతు పూర్ణంగా ఎలా ఉండేదో తెలియాలంటే జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ‘ఆల్టో రాప్సొడీ’ వినాలి. యూజీన్ ఓర్మండీ సంచాలనలో ఆ రికార్డింగు 1939 జనవరిలో, లింకన్ స్మారకం కచేరీకి మూడు నెలల ముందు జరిగింది. వాయించింది ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా.