లేన్ కీప్ అసిస్ట్: గీత కనిపించినంత సేపే దాని ఆట

వీల్ అలైన్‌మెంట్‌తో మొదలైన పని నాది, ఇప్పుడు కార్ల ముందు కెమెరాల క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిగ్గా కుదర్చడం, కూడా చేస్తున్నాను. ముందు అద్దం వెనకున్న ఆ కెమెరా రోడ్డు గీతలు చూస్తుంది, బండి గీత దాటబోతే స్టీరింగ్‌ని కొద్దిగా లోపలికి నెట్టే ఫీచరే లేన్ కీప్ అసిస్ట్. షాపు హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు కాబట్టి విజయవాడ హైవే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు చాలామంది మా దగ్గర ఆగుతారు. వాళ్లలో కొందరు ఈ ఫీచర్ ఉంటే బండి దానంతట అదే పోతుందంటారు, ఇంకొందరు కొన్న వారానికే ఆఫ్ చేసి పడేశామంటారు. రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: స్టీరింగ్ దానంతట అదే లాగుతోంది, బండిలో ఏదో ఫాల్ట్ ఉంది.

మొన్న ఒకాయన సరిగ్గా ఇదే కంప్లైంట్‌తో వచ్చాడు, "అన్నా, ఓవర్‌టేక్ చేస్తుంటే ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టుంది, భయమేస్తోంది" అన్నాడు. అలైన్‌మెంట్ చూశాను, బాగానే ఉంది. పక్కన కూర్చుని హయత్‌నగర్ దాటేదాకా తీసుకెళ్లమన్నాను. ముందు లారీ వచ్చింది, ఆయన ఇండికేటర్ వేయకుండా కుడికి కోశాడు, స్టీరింగ్ ఎదురు తిరిగింది. ఇండికేటర్ వేసి మళ్లీ చేయమన్నాను, చప్పుడు లేకుండా పోయింది. ఇండికేటర్ వేస్తే మీరు కావాలనే గీత దాటుతున్నారని దానికి అర్థమవుతుంది, వేయకపోతే కునుకు పట్టిందేమో అనుకుంటుంది. ఆఫ్ చేసేశామని చెప్పేవాళ్లలో ఎక్కువమంది గొడవ ఇదే, ఇండికేటర్ అలవాటు లేకపోవడం. అయినా అది లాగే బలం చాలా తక్కువ. యూరప్‌లో అమలయ్యే, స్టీరింగ్‌కి సంబంధించిన ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన ప్రకారం, డ్రైవర్ 50 న్యూటన్లకు మించని బలంతో, అంటే ఓ 5 కిలోల సంచి ఎత్తేంత బలంతో, దాన్ని కాదని స్టీరింగ్ తిప్పేయగలగాలి.

అపోహ: లేన్ కీప్ ఉందంటే బండి లేన్ మధ్యలోనే పోతుంది.

షోరూంలో మూడింటినీ కలిపి ఒకే పేరుతో చెప్పేస్తారు, అక్కడొస్తుంది తంటా. ఒకటి, గీత దాటుతుంటే బీప్ కొట్టి ఊరుకునేది. రెండోది లేన్ కీప్, గీత దగ్గరికి వెళ్లాక స్టీరింగ్‌ని కొద్దిగా లోపలికి నెట్టేది. మూడోది ఎప్పుడూ మధ్యలో ఉండేలా చూసేది, చాలా బండ్లలో ఇది క్రూయిజ్‌తో, అంటే స్పీడుని దానంతట అదే నిలిపి ఉంచే సిస్టమ్‌తో, కలిసి పనిచేస్తుంది. రెండోది మాత్రమే ఉన్న బండిలో మూడోది ఉందనుకుని స్టీరింగ్ వదిలేస్తే బండి ఈ గీత నుంచి ఆ గీతకు, ఆ గీత నుంచి ఈ గీతకు తాగినవాడిలా ఊగుతుంది. మన హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు, కారు సుమారు 1.8 అనుకుంటే ఒక్కో పక్క మిగిలేది 85 సెంటీమీటర్లే. 100 కిలోమీటర్ల స్పీడులో బండి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా ఆ 85 సెంటీమీటర్లు ఒక్క సెకనులో అయిపోతాయి. ఆ ఒక్క సెకను కోసమే దీన్ని పెట్టారు.

అపోహ: మన రోడ్ల మీద ఇదంతా దండగ.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓసారి ఆన్ చేసి చూడండి, 158 కిలోమీటర్ల రోడ్డు, గీతలు స్పష్టంగా ఉన్నచోట చక్కగా పట్టుకుంటుంది. విజయవాడ హైవే మీద కూడా చాలా భాగం పర్వాలేదు. కానీ అది చూసేది రోడ్డు మీద వేసిన రంగుని, అది గుర్తుంచుకోవాలి. పొద్దున్నే విజయవాడ వైపు వెళ్తే ఎండ ఎదురుగా కొడుతుంది, సాయంత్రం తిరిగొస్తుంటే మళ్లీ ఎదురుగానే, మన కళ్లు చెదిరినట్టే కెమెరాకీ చూపు చెదురుతుంది. ఫ్లైఓవర్ పని జరిగేచోట పాత గీత సగం చెరిపి కొత్త గీత వేస్తారు, దేన్ని పట్టుకోవాలో దానికి తెలియదు. రాత్రి వానలో తారు అతుకులు మెరిసి గీతల్లా కనిపిస్తాయి. లారీ వెనకాలే అంటుకుని వెళ్తే అసలు గీతే కనబడదు.

నాకు అన్నిటికంటే భయం వరి కోతలప్పుడు. నల్గొండ లోపలి రోడ్ల మీద ఎడమ పక్క వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, అంచు గీత వడ్ల కిందకి పోతుంది, మధ్య గీత మాత్రం కనిపిస్తూ ఉంటుంది. మీరు వడ్లు తప్పించడానికి ఇండికేటర్ వేయకుండా కుడికి జరిగితే అది మధ్య గీత దాటుతున్నారని ఎడమకి, అంటే రాళ్ల వైపుకి నెడుతుంది. అలాంటి రోడ్డెక్కేముందు నేనైతే ఆఫ్ చేస్తాను. శ్రీశైలం ఘాట్‌లో ఆ టెన్షన్ లేదు, చాలా బండ్లలో ఇది 60, 70 కిలోమీటర్ల స్పీడు దాటితే గానీ మేలుకోదు.

అపోహ: స్టీరింగ్‌కి వాటర్ బాటిల్ కట్టేసి, చేతులు ఉన్నాయని దాన్ని నమ్మిస్తే చేతులు వదిలేయొచ్చు.

వదిలేయొచ్చు, ఆసుపత్రి ఖర్చులు సిద్ధం చేసుకుని. ఆ 79వ నిబంధన ప్రకారమే, మధ్యలో నడిపించే సిస్టమ్ చేతులు వదిలిన 15 సెకన్లలోపు హెచ్చరిక చూపించాలి, నూరు స్పీడులో 15 సెకన్లంటే 400 మీటర్ల పైమాట. ఈలోపు రాంగ్ రూట్‌లో బైకు వస్తే ఇది పక్కకు తప్పించదు, బ్రేక్ వేయడం వేరే సిస్టమ్ పని. ఇంకో మాట, చేతులు పెట్టినా "స్టీరింగ్ పట్టుకోండి" అని వస్తోందంటారు. చాలా బండ్లలో సెన్సర్ చూసేది చేతుల్ని కాదు, స్టీరింగ్ మీద పడే చిన్న మెలికని. కొద్దిగా అటూ ఇటూ కదిపితే ఆగిపోతుంది.

అపోహ: ముందు అద్దం మార్చడానికీ దీనికీ సంబంధం లేదు.

ఒక గ్లాస్ షాపులో అద్దం మార్పించుకున్న బండి ఒకటి వచ్చింది, క్యాలిబ్రేషన్ ఊసే ఎత్తలేదట వాళ్లు. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు చూస్తే 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది, పైన లెక్కేసిన 85 సెంటీమీటర్లు మొత్తం హరీ. ఆ బండి రోజంతా కుడి గీత రాసుకుంటూ పోయేది, పాపం ఓనర్ టైర్ల తప్పనుకుని వాటిని మార్పించాడు.

అన్నిసార్లూ ఇంత కథ ఉండదు లెండి. బెజవాడ దుర్గమ్మ దగ్గర కొత్త బండికి పూజ చేయించుకుని వస్తూ నందిగామ దాటకముందే "కెమెరాకు అడ్డు ఉంది" అని మెసేజ్ వచ్చిందని ఒక కుటుంబం కంగారుగా వచ్చింది. అద్దం పైన, సరిగ్గా కెమెరా ముందు, అరచేతి అంత గంధం, మధ్యలో కుంకుమ. పెద్దావిడను అడిగి, తడిగుడ్డతో తుడిచి, బొట్టు బానెట్ మీద పెట్టించాను. ఎంతివ్వాలి బాబూ అంటే, ప్రసాదం పెట్టండమ్మా చాలన్నాను.